పేరు అక్కడే, చోటు వేరు: లైనక్స్‌లో తాత్కాలిక ఫైళ్ల మకాం మార్చడం

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు వెళ్లే ప్యాసింజర్ రైలు ఘుట్కూ, కల్మీటార్ దాటాక కర్గీ రోడ్ స్టేషన్‌లో ఆగుతుంది. దిగి బయటికి వస్తే ఊరి పేరు కోటా. బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాల వల్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి కనుక ఈ పేరు మన పాఠకుల్లో కొందరికి పరిచితమే అయి ఉంటుంది. బోర్డు మీద ఒక పేరు, దాని వెనక ఉన్న ఊరికి మరో పేరు. అయినా ఎవరికీ ఇబ్బంది లేదు. కోటా వెళ్లాల్సినవాళ్లు కర్గీ రోడ్‌కు టికెట్ కొంటారు, చేరవలసిన చోటికే చేరతారు.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో డైరెక్టరీ పేర్లు కూడా ఇలాంటి స్టేషన్ బోర్డులే. ప్రోగ్రాములు బోర్డు మీది పేరు మాత్రమే చూస్తాయి. దాని వెనక ఏ డిస్కు ఉందో వాటికి తెలియదు, తెలియనవసరమూ లేదు. కాబట్టి బోర్డును కదపకుండా వెనక ఉన్న చోటును మార్చవచ్చు. తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీని ఒక డిస్కు నుంచి మరో డిస్కుకు మార్చడం ఈ సూత్రం మీదే ఆధారపడి ఉంది. అయితే బోర్డుతో పాటు కాపాడుకోవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. అవేమిటో చూద్దాం.

ఒక్క మాట. ఈ వ్యాసంలో కమాండ్ల పేర్లను పలికే తీరులో రాస్తున్నాం. కీబోర్డు మీద వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

చిత్తు పనికి ఒక చోటు

పరీక్షలో లెక్క చేసేటప్పుడు కాగితం కుడివైపు గీత గీసి రఫ్ వర్క్ చేస్తారు కదా. జవాబు రాశాక దానితో పని ఉండదు. కానీ అది లేకపోతే లెక్క తెమలదు. కంప్యూటర్ ప్రోగ్రాములకూ అలాంటి చోటు కావాలి. లైనక్స్‌లో దాని పేరు ‘స్లాష్ టెంప్’. అంటే వాలు గీత, ఆ తర్వాత టీ, ఎం, పీ అనే మూడు అక్షరాలు.

ఉదాహరణకు ఒక పెద్ద ఫైలులోని కోటి పేర్లను అక్షర క్రమంలో పేర్చాలనుకోండి. అన్నీ ఒకేసారి మెమరీలో పట్టవు. అప్పుడు ‘సార్ట్’ అనే ప్రోగ్రాము ఫైలును ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కనూ పేర్చి, స్లాష్ టెంప్‌లో దాచుకుంటుంది. చివర అన్నిటినీ కలిపి జవాబు ఇస్తుంది. మీరు సీ భాషలో రాసిన ప్రోగ్రామును కంపైల్ చేసినప్పుడు పుట్టే మధ్యంతర ఫైళ్లు కూడా మామూలుగా ఇక్కడికే చేరతాయి. పని కాగానే ప్రోగ్రాము తన ఫైళ్లను తానే తీసివేయాలి. మధ్యలో ఆగిపోతే మాత్రం అవి అలాగే మిగిలిపోతాయి.

దీనికి అన్నలాంటి డైరెక్టరీ ఇంకొకటి ఉంది: ‘స్లాష్ వార్ స్లాష్ టెంప్’. రెండింటికీ తేడా ఆయుష్షులోనే. ఫైళ్లు ఎక్కడ ఉండాలో చెప్పే ఎఫ్‌హెచ్‌ఎస్ అనే ప్రమాణం ప్రకారం, స్లాష్ టెంప్‌లోని ఫైళ్లు ప్రోగ్రామును మళ్లీ నడిపేసరికి ఉంటాయని ఆశపడకూడదు. స్లాష్ వార్ స్లాష్ టెంప్‌లోనివి మాత్రం కంప్యూటర్ ఆపి వేసినా మిగలాలి. ఈ తేడాను గుర్తుంచుకోండి. మకాం మార్చేటప్పుడు పనికొస్తుంది.

మెయిన్ లైన్ మీద గూడ్సు బండి

కర్గీ రోడ్‌లో 2006లో స్థాపించిన డాక్టర్ సి.వి.రామన్ విశ్వవిద్యాలయం ఉంది. ఇలాంటి చిన్న పట్టణాల్లో చదువుకునే విద్యార్థుల్లో చాలామందికి సరికొత్త కంప్యూటర్ అందదు. పాత యంత్రానికి 120 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీ ఒకటి తగిలించి, పాత హార్డ్ డిస్కును రెండో డ్రైవుగా ఉంచుకోవడం సాధారణం. ఎస్‌ఎస్‌డీ చిన్నది, వేగమైనది. హార్డ్ డిస్కు పెద్దది, నిదానమైనది. లైనక్స్ అంతా చిన్నదాని మీద ఉంటుంది. తాత్కాలిక ఫైళ్లూ అక్కడే పెరుగుతాయి.

పెరిగితే ఏమవుతుంది? స్టేషన్‌లో గూడ్సు బండ్లను నిలపడానికి లూప్ లైన్లు ఉంటాయి. గూడ్సును లూప్‌లో కాకుండా మెయిన్ లైన్ మీదే నిలిపివేస్తే వెనక వచ్చే రైళ్లన్నీ ఆగిపోతాయి. స్లాష్ టెంప్‌కు వేరే చోటు లేనప్పుడు జరిగేది అదే. ఒక ప్రోగ్రాము తాత్కాలిక ఫైళ్లతో డిస్కును నింపేస్తే, దానికి సంబంధం లేని పనులు కూడా నిలిచిపోతాయి. లాగ్ ఫైలులో ఒక్క వరుస రాయడానికి కూడా చోటుండదు. మీరు టైప్ చేస్తున్న ప్రాజెక్టు రిపోర్టు సేవ్ కాదు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లాగిన్ తెర మళ్లీ మళ్లీ అదే ప్రత్యక్షమవుతుంది. ఎందుకంటే డెస్క్‌టాప్ మొదలవడానికి కూడా కొన్ని చిన్న ఫైళ్లు రాయాలి. రేపు ప్రాజెక్టు సమర్పించాల్సిన విద్యార్థికి ఇది చిన్న సమస్య కాదు.

తాత్కాలిక ఫైళ్లకు వేరే డిస్కు కేటాయిస్తే అవి ఎంత పెరిగినా తమ చోటునే నింపుకుంటాయి. ఆ ఒక్క పని ఆగుతుంది, మిగతా యంత్రం నడుస్తుంది.

1974 నాటి ఆలోచన

పేరును అలాగే ఉంచి వెనక డిస్కును మార్చే పద్ధతిని ‘మౌంట్’ చేయడం అంటారు. ఇది లైనక్స్ కంటే పాతది. యూనిక్స్‌ను రూపొందించిన డెనిస్ రిచీ, కెన్ థాంప్సన్ 1974లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో దీన్ని వివరించారు. వారి పీడీపీ-11/45 కంప్యూటర్‌కు 1 మెగాబైట్ స్థిరమైన డిస్కు ఒకటి, ఒక్కొక్కటి 2.5 మెగాబైట్ల చిన్న డ్రైవులు నాలుగు, 40 మెగాబైట్ల పెద్ద డ్రైవు ఒకటి ఉండేవి. మూల డైరెక్టరీ ఆ చిన్న 1 మెగాబైట్ డిస్కు మీద ఉండేది. వాడుకరుల ఫైళ్లున్న పెద్ద డ్రైవును యంత్రం మొదలయ్యేటప్పుడు దానికి తగిలించేవారు. ఈ రోజు ఫోనులో తీసే ఒక్క ఫొటో కూడా ఆ మూల డిస్కులో పట్టకపోవచ్చు! కానీ సమస్య మాత్రం అదే: వేగమైన డిస్కు చిన్నది, పెద్ద డిస్కు నిదానం.

డైరెక్టరీలన్నీ కలిసి ఒక చెట్టు అనుకుంటే, ఆ చెట్టులోని ఒక కొమ్మ చివర ఇంకో చెట్టును అంటు కట్టడమే మౌంట్ చేయడం. అంటు కట్టాక చీమ కొమ్మ మీద పాకుతూ పోతే ఎక్కడ ఒక చెట్టు ముగిసి రెండోది మొదలైందో దానికి తెలియదు.

హాస్టల్ దండెం న్యాయం

ఇక కాపాడుకోవలసిన రెండో విషయం: అనుమతులు. స్లాష్ టెంప్ అందరిదీ. ఎవరైనా అక్కడ ఫైలు పెట్టవచ్చు. ఇందులో ఒక ఇరకాటం ఉంది. యూనిక్స్ వంశంలో ఒక ఫైలును తీసివేసే హక్కు ఆ ఫైలు అనుమతుల వల్ల రాదు, అది ఉన్న డైరెక్టరీలో రాసే హక్కు వల్ల వస్తుంది. అంటే అందరూ రాయగల డైరెక్టరీలో అందరూ అందరి ఫైళ్లనూ తీసివేయవచ్చన్నమాట!

హాస్టల్లో బట్టలు ఆరవేసే దండెం అందరిదీ. ఎవరైనా ఆరేసుకోవచ్చు. కానీ తీసేటప్పుడు ఎవరి బట్టలు వాళ్లే తీసుకోవాలి. ఈ న్యాయాన్ని డైరెక్టరీకి అమలు చేసే గుర్తును ‘స్టికీ బిట్’ అంటారు. ఈ పేరుకు ఒక చరిత్ర ఉంది. 1974 నాటి యూనిక్స్ అయిదో ఎడిషన్‌లో దీని పని వేరు. తరచూ వాడే ప్రోగ్రామును నడవడం అయిపోయాక కూడా స్వాప్ చోటులో అంటిపెట్టుకొని ఉండేలా చేసేది. అందుకే ‘అంటుకునే బిట్’ అన్నారు. 1986లో వచ్చిన 4.3 బీఎస్‌డీ డైరెక్టరీల విషయంలో దీనికి కొత్త అర్థం ఇచ్చింది: ఫైలు యజమాని, డైరెక్టరీ యజమాని, రూట్ తప్ప మరెవరూ ఫైలును తీసివేయకూడదు, పేరు మార్చకూడదు. పాత పని పోయింది, పేరు మిగిలింది.

అంకెల్లో చెప్పాలంటే స్లాష్ టెంప్ అనుమతి 1777. వెనకనున్న మూడు ఏడులు యజమాని, గుంపు, ఇతరులకు వర్తిస్తాయి. చదవడానికి 4, రాయడానికి 2, లోపలికి వెళ్లడానికి 1, మొత్తం 7. ముందున్న 1 స్టికీ బిట్. చాలామంది తొందరలో 777 అని మాత్రమే ఇస్తారు. ప్రోగ్రాములన్నీ చక్కగా నడుస్తాయి కనుక తప్పు బయటపడదు. కానీ దండెం న్యాయం పోయినట్టే. ఇంకో నష్టం కూడా ఉంది. తాత్కాలిక ఫైలు పేరును ముందే ఊహించి, ఆ పేరుతో వేరొక ఫైలుకు లింకు పెట్టి మోసగించే దాడి ఒకటి ఉంది. దీన్ని అడ్డుకునే రక్షణను 2012లో వచ్చిన లైనక్స్ 3.6 కెర్నెల్‌లో చేర్చారు. అందరూ రాయగలిగి, స్టికీ బిట్ కూడా ఉన్న డైరెక్టరీల్లోనే అది పనిచేస్తుంది. కాబట్టి ఆ 1ని మరచిపోతే రెండు కాపలాలు ఒకేసారి పోతాయి.

ఎక్కడికి మార్చాలి?

మూడు మార్గాలున్నాయి.

మొదటిది, ఒక్క ప్రోగ్రాముకు మాత్రమే వేరే చోటు చూపడం. ‘టెంప్‌డిర్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు, దీన్ని పెద్ద అక్షరాల్లో రాయాలి, మరో డైరెక్టరీ పేరు ఇస్తే సార్ట్, పైథాన్, కంపైలర్ వంటివి అక్కడికి వెళతాయి. రూట్ అధికారం అక్కరలేదు. కాలేజీ ల్యాబులో చదివేవారికి ఇదే సరైన దారి. అయితే అన్ని ప్రోగ్రాములూ ఈ మాట వినవు. కొన్ని నేరుగా స్లాష్ టెంప్‌నే వెతుకుతాయి.

రెండోది, మెమరీలోనే ఉంచడం. దీన్ని ‘టెంప్ ఎఫ్‌ఎస్’ అంటారు. 2013లో వచ్చిన ఫెడోరా 18, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఈ పద్ధతిని ఎంచుకున్నాయి. డెబియన్ 13లో స్లాష్ టెంప్ మెమరీలో సగం వరకు వాడుకోవచ్చు. ఇది చాలా వేగం. కానీ 4 గిగాబైట్ల మెమరీ ఉన్న యంత్రంలో తాత్కాలిక ఫైళ్లకు దొరికేది 2 గిగాబైట్లే. అవి నిండుతున్న కొద్దీ మిగతా ప్రోగ్రాములకు మెమరీ ఇరుకవుతుంది. కరెంటు పోతే అన్నీ మాయం.

మూడోది, రెండో డ్రైవులోని ఒక పార్టిషన్‌ను స్లాష్ టెంప్ పేరుతో మౌంట్ చేయడం. చోటు పుష్కలం. కానీ హార్డ్ డిస్కులో ఒక చోటు వెతికి చేరడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడితే, ఎస్‌ఎస్‌డీలో అందులో నూరో వంతు చాలు. చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ పుట్టే పనుల్లో ఈ తేడా తెలుస్తుంది. అందుకే మెమరీ తగినంత ఉంటే స్లాష్ టెంప్‌ను మెమరీలోనే ఉంచి, పెద్ద ఫైళ్లు చేరే స్లాష్ వార్ స్లాష్ టెంప్‌ను పెద్ద డ్రైవుకు మార్చడం మంచి ఏర్పాటు. మార్చే పద్ధతి రెండింటికీ ఒకటే.

స్లాష్ టెంప్‌ను తీసేసి, ఆ పేరుతో వేరే డిస్కుకు ఒక సింబాలిక్ లింకు పెట్టమని కొందరు చెబుతారు. పైకి తేలిక. కానీ ‘యాప్ ఆర్మర్’ వంటి రక్షణ వ్యవస్థలు ఫైలు దారిని బట్టి అనుమతి ఇస్తాయి. లింకు వల్ల అసలు దారి మారిపోతుంది, అనుమతి దొరకదు. మౌంట్ చేస్తే దారి మారదు.

మార్చే క్రమం

1. ముందు ఉన్న పరిస్థితి చూడండి. ‘డీఎఫ్’ కమాండ్ ఏ డిస్కులో ఎంత ఖాళీ ఉందో చెబుతుంది. ‘ఫైండ్‌ఎంఎన్‌టీ’ అని కొట్టి పక్కన స్లాష్ టెంప్ అని ఇస్తే దాని వెనక ప్రస్తుతం ఏముందో తెలుస్తుంది. ఏమీ చూపకపోతే అది మూల డిస్కులోనే ఉందని అర్థం. ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసుకోకుండా ముందుకు వెళ్లవద్దు.

2. ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ కమాండ్‌తో డ్రైవులను చూసి, కొత్త పార్టిషన్‌ను గుర్తించి, ‘ఈఎక్స్‌టీ4’ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఇందులో పాత సమాచారం అంతా పోతుంది కనుక పేరు రెండుసార్లు సరిచూడండి. పెన్‌డ్రైవుల్లో వాడే ఫ్యాట్ పద్ధతి పనికిరాదు. దానికి యూనిక్స్ అనుమతులు దాచుకునే వీలు లేదు.

3. ఆ పార్టిషన్‌ను ముందు ‘స్లాష్ ఎంఎన్‌టీ’ దగ్గర మౌంట్ చేసి, అక్కడ ‘సీహెచ్‌మోడ్ 1777’ ఇవ్వండి. తర్వాత అన్‌మౌంట్ చేయండి. ఈ అనుమతి కొత్త పార్టిషన్‌లోనే నమోదవుతుంది. కొత్తగా ఫార్మాట్ చేసిన పార్టిషన్‌లో రూట్ తప్ప ఎవరూ రాయలేరు. ఈ మెట్టు దాటేస్తే డెస్క్‌టాప్ తెరుచుకోకపోవచ్చు.

4. ‘స్లాష్ ఈటీసీ’లో ఉన్న ‘ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ ఫైలుకు నకలు తీసి, అందులో ఒక వరుస చేర్చండి. వరుసలో ఆరు గడులుంటాయి: ఏ పార్టిషన్, ఏ పేరుతో, ఏ పద్ధతి, ఏ షరతులు, తర్వాత 0, చివర 2. పార్టిషన్‌ను డ్రైవు పేరుతో కాక ‘బీఎల్‌కేఐడీ’ కమాండ్ చూపే యూయూఐడీతో సూచించండి. డ్రైవు పేరు ప్లాట్‌ఫారం నంబరు లాంటిది, రేపు మారవచ్చు. యూయూఐడీ రైలు నంబరు లాంటిది, ఏ ప్లాట్‌ఫారం మీదికి వచ్చినా అదే. షరతుల గడిలో ‘డిఫాల్ట్స్, నోడెవ్, నోసూయిడ్’ చాలు. ‘నోఎగ్జెక్’ కూడా చేర్చితే భద్రత పెరుగుతుంది కానీ, స్లాష్ టెంప్ నుంచి ప్రోగ్రామును నడిపే ఇన్‌స్టాలర్లు కొన్ని మొరాయిస్తాయి.

5. డ్రైవు ఒకరోజు పాడైతే? ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పేర్కొన్న డ్రైవు కనబడకపోతే లైనక్స్ మామూలుగా మొదలవకుండా అత్యవసర స్థితిలో ఆగుతుంది. షరతుల్లో ‘నోఫెయిల్’ చేర్చితే ఆగకుండా పాత మూల డిస్కులోని స్లాష్ టెంప్‌తో ముందుకు సాగుతుంది. విద్యార్థి యంత్రానికి ఇదే మేలు.

6. ‘ఫైండ్‌ఎంఎన్‌టీ’ పక్కన రెండు హైఫన్లు పెట్టి ‘వెరిఫై’ అని కొడితే మీరు రాసిన వరుసలో తప్పులుంటే చెబుతుంది. తప్పు లేకపోతే కంప్యూటర్‌ను రీబూట్ చేయండి. నడుస్తుండగానే మౌంట్ చేయడం మంచిది కాదు. డెస్క్‌టాప్ తన సందేశాల కోసం వాడే సాకెట్ ఫైళ్లు స్లాష్ టెంప్‌లోనే ఉంటాయి. వాటి మీద కొత్త డిస్కు పరిస్తే అవి కనబడకుండా పోతాయి.

మీ లైనక్స్‌లో స్లాష్ టెంప్ ఇప్పటికే మెమరీలో ఉన్నా ఈ క్రమం మారదు. సిస్టమ్‌డీ అందులో ముందుగా పెట్టిన ఏర్పాటు కంటే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని వరుసకే విలువ ఎక్కువ ఇస్తుంది.

చాప కింద మిగిలినవి

రీబూట్ అయ్యాక ఫైండ్‌ఎంఎన్‌టీతో కొత్త పార్టిషన్ వచ్చిందో లేదో చూడండి. ‘ఎల్‌ఎస్’ కమాండ్‌కు ఎల్, డీ అనే రెండు ఆప్షన్లు ఇచ్చి స్లాష్ టెంప్ అనుమతులు చూస్తే, అక్షరాల వరుస చివర ‘టీ’ కనబడాలి. అదే స్టికీ బిట్. రూట్‌గా కాక మామూలు వాడుకరిగా అక్కడ ఒక ఫైలు సృష్టించి చూడండి.

అంతా సరిగ్గా ఉన్నా ఒక వింత ఎదురుకావచ్చు. మకాం మారింది కదా అని డీఎఫ్ చూస్తే మూల డిస్కులో ఖాళీ పెరగదు! పాత తాత్కాలిక ఫైళ్లు ఎక్కడికీ పోలేదు మరి. నేల మీద చాప పరిస్తే నేల మీది చెత్త కనబడదు గానీ పోదు కదా. మౌంట్ చేయడం అలాంటిదే. దాని కింది ఫైళ్లు కనబడకుండా చోటు ఆక్రమించే ఉంటాయి. మూల డైరెక్టరీని ‘మౌంట్’ కమాండ్‌కు ‘బైండ్’ ఆప్షన్ ఇచ్చి స్లాష్ ఎంఎన్‌టీ దగ్గర మరోసారి చూపిస్తే, అక్కడి టెంప్‌లో కింది పొర కనబడుతుంది. ఆ ఫైళ్లను తీసివేసి అన్‌మౌంట్ చేయండి. ఈ కమాండ్లు రూట్‌గా ఇస్తున్నారు కనుక, మీరు టెంప్ లోపలే ఉన్నారని చూసుకున్నాకే ఏదైనా తీసివేయండి.

గడువు తెలియని వస్తువులు

చివరగా కాపాడుకోవలసిన మూడో విషయం: తాత్కాలికం అన్న మాట అర్థం. కొత్త డ్రైవులో చోటు ఎక్కువ ఉంది కదా అని డౌన్‌లోడ్లు, ప్రాజెక్టులు అక్కడే పెట్టుకునే అలవాటు మొదలవుతుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన డెబియన్ 13లో స్లాష్ టెంప్‌లో 10 రోజులు, స్లాష్ వార్ స్లాష్ టెంప్‌లో 30 రోజులు వాడని ఫైళ్లను సిస్టమ్‌డీ తనంతట తాను తీసివేస్తుంది. ఎవరినీ అడగదు. సెలవులకు ఇంటికి వెళ్లి నెల దాటాక వచ్చిన విద్యార్థికి తన ఫైలు దొరక్కపోతే యంత్రానిది తప్పు కాదు. ఎంత పెద్ద డిస్కు మీద ఉన్నా అది రఫ్ వర్క్ చోటే. దాచుకోవలసినవి హోం డైరెక్టరీలో ఉండాలి, వాటి నకలు మరో చోట ఉండాలి.

ఈ పని మొత్తం చేయకపోయినా, ఈ వారం మీ ల్యాబులో ఒక చిన్న పరిశీలన చేయండి. ఫైండ్‌ఎంఎన్‌టీతో స్లాష్ టెంప్ వెనక ఏముందో చూడండి: మూల డిస్కా, మెమరీనా, వేరే డ్రైవా? తర్వాత డీఎఫ్‌తో అక్కడ ఎంత ఖాళీ ఉందో రాసుకోండి. ఒక పెద్ద ఫైలును సార్ట్ చేయిస్తూ, అది నడుస్తుండగా రెండో టెర్మినల్‌లో మళ్లీ డీఎఫ్ కొట్టండి. ఖాళీ తగ్గడం, పని ముగియగానే తిరిగి పెరగడం మీ కళ్లతో చూస్తారు. ఆ తగ్గిన అంకెను చూశాక, మీ యంత్రానికి మకాం మార్పు అవసరమో కాదో ఎవరినీ అడగనక్కరలేదు.